రాజీనామా పక్కన పెట్టండి, ముందు సెలవు దరఖాస్తు రాయండి

ప్రశ్న: నేను రాణిగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. 2022 జూన్‌లో చేరాను. నాతో కలిపి 14 మందిమి పనిచేస్తాం. జీతం 19,500. అందులో ఈఎస్‌ఐకి నెలకు 147 రూపాయలు కోస్తారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు. ఆదివారం సెలవు. అది కాక ఏ ఒక్కరోజు రాకపోయినా జీతం కట్. పోయిన సెప్టెంబరులో నాకు డెంగీ వచ్చి ఏడు రోజులు, నవంబరులో నాన్నను ఆసుపత్రిలో చేర్చినప్పుడు నాలుగు రోజులు పనికి రాలేదు. రోజుకు 650 చొప్పున 11 రోజులకీ కోసేశారు. మార్చిలో జనగామలో మా తమ్ముడి పెళ్లి. అయిదు రోజులు లీవ్ అడిగితే మా సేటు, "ఇయర్ ఎండింగ్ టైంలో లీవా? వెళ్తే మళ్లీ రావద్దు. ఏడాదికి 52 ఆదివారాలు ఇస్తూనే ఉన్నా కదా" అన్నారు. "మనది షాపు, పెద్ద కంపెనీ కాదు, ఈఎల్‌లు సీఎల్‌లు మనకుండవు" అని మేనేజర్ అంటున్నారు. రాజీనామా చేసి పెళ్లికి వెళ్లిపోదామనిపిస్తోంది. నాకు సెలవు అడిగే హక్కు ఉందా? ఇన్నేళ్లూ వాడుకోని సెలవులకు డబ్బులు వస్తాయా?
ఒక సోదరి, సికింద్రాబాద్

సమాధానం:

అమ్మా, మీకు హక్కు ఉంది. మీ మేనేజర్ చెప్పింది తప్పు. అయితే రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఇవాళ కోపంలో ఒక కాగితం మీద సంతకం పెట్టి వచ్చేస్తే, మూడున్నరేళ్లుగా మీరు సంపాదించుకున్న సెలవుల డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టమవుతుంది. ఎందుకో కింద చెబుతాను. అన్నిటికంటే ముఖ్యమైన విషయం అదే.

ముందు "షాపులకు ఈఎల్‌లు ఉండవు" అన్న మాట సంగతి చూద్దాం. షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కోసమే మన రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. 1988లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టంగా అమలవుతోంది. రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు, బేగంబజార్‌లో కిరాణా హోల్‌సేల్, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ ఆఫీసు, అన్నీ దీని కిందికే వస్తాయి. అందులో సెలవుల గురించి చెప్పేది 30వ సెక్షన్. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, మీకు పనికొస్తుంది.

ఆ సెక్షన్ ప్రకారం మీకు మూడు రకాల జీతంతో కూడిన సెలవులు ఉన్నాయి. మొదటిది అందరూ ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) అనేది, అంటే పనిచేసి సంపాదించుకున్న సెలవు. వరసగా 12 నెలల్లో 240 రోజులు పనిచేసినవారికి ఆ తర్వాతి 12 నెలల్లో 15 రోజులు ఇవ్వాలి. వాడుకోకపోతే పోవు, 60 రోజుల దాకా పోగవుతాయి. రెండోది సిక్ లీవ్, జబ్బు చేసినా దెబ్బ తగిలినా ఏడాదికి 12 రోజుల వరకు. మూడోది క్యాజువల్ లీవ్ (సీఎల్), సరైన కారణం ఏదైనా సరే, ఏడాదికి మరో 12 రోజుల వరకు. సిక్ లీవ్, సీఎల్ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచే ఉంటాయి. 240 రోజులు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. కాకపోతే ఈ రెండూ ఏ ఏడాదివి ఆ ఏడాదికే. పోగయ్యేది ఈఎల్ ఒక్కటే.

ఇక 52 ఆదివారాల మాట. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వడం అదే చట్టంలో ఇంకో చోట ఉన్న విషయం. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి జాతీయ సెలవులు, పండగ సెలవులు కూడా వేరే లెక్క. వాటిలో ఏదీ 30వ సెక్షన్ సెలవుల్లోంచి తీసేయడానికి లేదు. ఈ ఆదివారాల వాదన మీ సేటు ఒక్కరిదే కాదు, నగరంలో చాలా షాపుల్లో వినిపించేదే. చాలామంది యజమానులు అది నిజమని నమ్మి కూడా అంటారు. నమ్మినా నమ్మకపోయినా చట్టం ముందు అది నిలవదు.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. 2022 జూన్‌లో చేరారు కాబట్టి 2023 జూన్‌కు మొదటి 15 రోజులు వచ్చాయి, 2024 జూన్‌కు మరో 15, 2025 జూన్‌కు మరో 15. మొత్తం 45. గరిష్ఠ పరిమితి 60 లోపే ఉంది కాబట్టి ఒక్కరోజు కూడా మురిగిపోలేదు. మీరు రాని ప్రతిరోజుకూ జీతం కోశారంటే, ఆ 45 రోజుల్లోంచి మీకు ఒక్కటి కూడా ఇవ్వలేదనే అర్థం. వాళ్లు కోసిన 650 రేటునే తీసుకుంటే 45 రోజులకు 29,250 రూపాయలు.

డెంగీ వచ్చిన ఏడు రోజులు సిక్ లీవ్. నాన్నగారి కోసం ఆగిన నాలుగు రోజులు సిక్ లీవ్ కిందికి రావు, ఎందుకంటే అది మీ సొంత జబ్బుకే. అవి సీఎల్. రెండూ 12 లోపే ఉన్నాయి. అంటే ఆ 11 రోజుల కోత, 7,150 రూపాయలు, కోయకూడని డబ్బు. ఈ సర్వీసు ఏడాదిలో, అంటే 2025 జూన్ నుంచి 2026 జూన్ లోపు, మీకు ఇంకా 5 సిక్ లీవ్‌లు, 8 సీఎల్‌లు మిగిలే ఉన్నాయి.

ఇక్కడ ఈఎస్‌ఐ గురించి ఒక మాట. మీ జీతంలో నెలనెలా 147 కోస్తున్నారంటే మీరు ఈఎస్‌ఐ సభ్యులు. జీతం 21,000 దాటనివాళ్లకు ఇది వర్తిస్తుంది. జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకు, తగినన్ని రోజుల చందా కట్టి ఉంటే, సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఈఎస్‌ఐ ఇస్తుంది. ఇది నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడే డబ్బు, సేటు దయతో పనిలేదు. అయితే ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. చాలామంది జ్వరం రాగానే వీధి చివరి క్లినిక్‌లో చూపించుకుని, ఆ చీటీతో ఆగిపోతారు. ఇకముందు మీ డిస్పెన్సరీలోనో, సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలోనో చూపించుకోండి. ఒకే రోజుకు యజమాని దగ్గర జీతం, ఈఎస్‌ఐ దగ్గర భత్యం రెండూ తీసుకోవడం కుదరదు, అది గుర్తుంచుకోండి.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి గురించి వాట్సాప్‌లో రకరకాల మెసేజ్‌లు తిరుగుతున్నాయి. మీకు సంబంధించినంతవరకు చెబుతాను. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020లో 32వ సెక్షన్ సెలవుల గురించి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు పనిచేస్తే, ప్రతి 20 పనిదినాలకూ ఒక రోజు చొప్పున జీతంతో సెలవు. పాత ఫ్యాక్టరీల చట్టంలో 240 రోజులుండేది, దాన్ని 180కి తగ్గించారు. ఏడాదికి 300 రోజులు పనిచేస్తే 15 రోజులు వస్తాయి కాబట్టి, మన షాపుల చట్టం లెక్కకూ దీనికీ పెద్ద తేడా ఉండదు. వాడుకోని సెలవుల్లో 30 దాకా మరుసటి ఏడాదికి వెళ్తాయి. అడిగినా ఇవ్వని సెలవులైతే ఆ 30 పరిమితి కూడా లేదు, ఎన్ని ఉన్నా ముందుకు వెళ్తాయి. ఏడాది చివర్లో కావాలంటే డబ్బుగా మార్చి ఇమ్మని అడగొచ్చు. మెటర్నిటీ లీవ్‌లో ఉన్న రోజులను, 26 వారాల దాకా, ఆ 180 రోజుల లెక్కలో కలపాలి. మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా, మీ షాపులో ఎవరికైనా పనికొస్తుంది.

ఈ కోడ్ వచ్చినందువల్ల మన రాష్ట్ర షాపుల చట్టం రద్దు కాలేదు. మీ సిక్ లీవ్, సీఎల్ దాంట్లోంచే వస్తున్నాయి. కాబట్టి రెండూ మీకు అండగా ఉన్నాయి. అలాగని ఒకే పనికి రెండు చట్టాల కిందా రెండుసార్లు ఈఎల్ అడగలేం.

ఇప్పుడు రాజీనామా వద్దని ఎందుకన్నానో చెబుతాను.

షాపుల చట్టం 30వ సెక్షన్‌లో వాడుకోని ఈఎల్‌కు డబ్బు ఇవ్వాల్సిన సందర్భాలు రెండు చెప్పారు. ఒకటి, సెలవు ఇవ్వకముందే యజమానే ఉద్యోగంలోంచి తీసేయడం. రెండోది, ఉద్యోగి సెలవుకు దరఖాస్తు చేసుకుని, అది ఇవ్వకపోవడంతో ఉద్యోగం మానేయడం. రెండో దాన్ని మళ్లీ చదవండి. దరఖాస్తు చేసుకుని ఉండాలి. కాదని అనిపించుకుని ఉండాలి. ఆ తర్వాతే మానేయాలి. మీరు ఈ మూడున్నరేళ్లలో సెలవు అడిగిందంతా నోటిమాట. వాళ్లు కాదన్నదీ నోటిమాటే. రేపు లేబర్ ఆఫీసులో మీ సేటు, "ఆ అమ్మాయి ఎప్పుడూ ఈఎల్ అడగలేదండీ, అడిగితే ఇచ్చేవాణ్ని" అంటే మీ చేతిలో ఏముంది?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఈ నగరంలో వేలాది షాపుల్లో, ఆఫీసుల్లో సెలవులు మాటల్లోనే అడుగుతారు, మాటల్లోనే పోతాయి. కౌంటర్ దగ్గర సేటు మూడ్ బాగున్నప్పుడు చూసి అడగడం, ఆయన తల అడ్డంగా ఊపితే తిరిగొచ్చేయడం. ఎన్నిసార్లు అడిగారో, ఎన్నిసార్లు కాదన్నారో ఎక్కడా రాసి ఉండదు. చట్టం రాసినవాళ్లు ఇచ్చిన హక్కు అలా ఏ కాగితమూ లేకుండా కరిగిపోతుంది. పనిచేసేవాళ్లకు రాయడమంటే భయం. "లెటర్ రాస్తే గొడవకు దిగినట్టు అనుకుంటారేమో" అని. కాదమ్మా. సెలవు దరఖాస్తు రాయడం గొడవ కాదు. బళ్లో చిన్నప్పుడు హెడ్మాస్టరుకు రాసినట్టే, మర్యాదగా, నాలుగు ముక్కలు.

కొత్త కోడ్‌లో ఈ విషయం ఇంకొంచెం మెరుగు. ఉద్యోగి తానే మానేసినా, తీసేసినా, మిగిలిన సెలవుకు జీతం లెక్కకట్టి రెండో పనిదినం ముగిసేలోపు ఇవ్వాలని 32వ సెక్షన్ చెబుతుంది. ఏడాదికి కావలసిన రోజులు పూర్తి కాకపోయినా ఇవ్వాలి. ఈ జనవరి నుంచి ఒక 60 రోజులు పనిచేసి మానేశారనుకోండి, 3 రోజుల జీతం. కానీ మీ 45 రోజుల్లో ఎక్కువ భాగం కోడ్ రాకముందువి. వాటికి షాపుల చట్టమే ఆధారం. అందుకని దరఖాస్తు చేతిలో లేకుండా బయటికి రాకండి.

దరఖాస్తు ఎలా రాయాలో ఇస్తున్నాను. తెలుగులో రాసినా చెల్లుతుంది.

"గౌరవనీయులైన యజమాని గారికి,
నేను 2022 జూన్ నుంచి మన షాపులో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మా తమ్ముడి వివాహం మార్చి నెల ఫలానా తేదీన జనగామలో జరుగుతుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అయిదు రోజులు జీతంతో కూడిన సెలవు మంజూరు చేయగలరు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం 30వ సెక్షన్ ప్రకారం నా ఖాతాలో 45 రోజుల సెలవు నిల్వ ఉందని నా లెక్క. లెక్కలో తేడా ఉంటే రాతపూర్వకంగా తెలపగలరు. సెలవుపై వెళ్లేలోపు నా దగ్గరున్న పనిని ఫలానా వారికి అప్పగిస్తాను. ఏ కారణం వల్లనైనా సెలవు ఇవ్వడం వీలుకాకపోతే ఆ విషయం రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

కింద తేదీ, సంతకం. రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం అడగండి. సంతకం పెట్టకపోతే గొడవపడకండి. అదే రోజు ఆ కాగితం ఫొటో తీసి సేటుకు, మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపండి, షాపు చిరునామాకు స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. పెళ్లికి కనీసం రెండు వారాల ముందు ఈ పని పూర్తవ్వాలి. చట్టం ఉందని చెప్పి ముందు రోజు అడిగితే ఎవరికైనా ఇబ్బందే.

మీ సేటు వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి. మార్చిలో అకౌంట్స్ మనిషి అయిదు రోజులు లేకపోతే షాపుకు నిజంగానే కష్టం. స్టాక్ లెక్క, పార్టీల బ్యాలెన్సులు, జీఎస్టీ రిటర్నులు అన్నీ అప్పుడే మీద పడతాయి. ఏ రోజుల్లో సెలవు తీసుకోవాలన్న దాని మీద యజమానికి కొంత మాట ఉంటుంది, ఉండాలి కూడా. "పెళ్లికి ముందు రెండు రోజులు కాకుండా తర్వాత తీసుకో" అంటే అది మాట్లాడుకోదగ్గ విషయం. "అసలు సెలవే లేదు, వెళ్తే మళ్లీ రావద్దు" అనడం మాత్రం ఆయన చేతిలో ఉన్న అధికారం కాదు. అందుకే పని అప్పగింత గురించి దరఖాస్తులో రాయమన్నాను. ఎంట్రీలు ఏ తేదీ వరకు పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో ఒక కాగితం మీద రాసి మేనేజర్‌కు ఇవ్వండి. చాలాచోట్ల అది చూశాక యజమాని మెత్తబడతారు.

అయినా కాదంటే? 30వ సెక్షన్‌లోనే దానికీ ఒక దారి పెట్టారు. సెలవు ఇవ్వలేదని ఉద్యోగి ఇన్‌స్పెక్టరుకు తెలియజేయవచ్చు, ఇన్‌స్పెక్టరు దాన్ని రిజిస్టరులో నమోదు చేయాలి. షాపుల చట్టం కింద మన దగ్గర ఈ పని చూసేది కార్మిక శాఖలోని అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్. మీ షాపు ఏ సర్కిల్ కిందికి వస్తుందో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే చెబుతారు. మీ దరఖాస్తు కాపీ, వాట్సాప్ మెసేజ్‌లు, స్పీడ్ పోస్టు రసీదు జతచేసి ఒక పేజీ ఫిర్యాదు ఇచ్చి, దాని మీద కూడా అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ నమోదు ఉంటే, రేపు మీరు మానేయాల్సి వచ్చినా "అడిగారు, కాదన్నారు" అన్నదానికి ప్రభుత్వ రికార్డే సాక్ష్యం.

సెలవు మంజూరు కాకుండానే పెళ్లికి వెళ్లిపోవచ్చా అని మీరు అడగలేదు కానీ, మనసులో ఉండే ఉంటుంది. సొంత తమ్ముడి పెళ్లి సీఎల్‌కు సరైన కారణమే, మీకు ఇంకా 8 సీఎల్‌లు ఉన్నాయి. అయినా చెప్పాపెట్టకుండా వెళ్తే "చెప్పకుండా మానేసింది" అని రాసుకునే అవకాశం వాళ్లకు ఇచ్చినట్టవుతుంది. దరఖాస్తు ఇచ్చి, లేబర్ ఆఫీసులో కాగితం పెట్టి, వెళ్లే ముందు రోజు "ఫలానా తేదీ దరఖాస్తు ప్రకారం పెళ్లికి వెళ్తున్నాను, ఫలానా తేదీన డ్యూటీలో చేరతాను" అని ఒక మెసేజ్ పెట్టి వెళ్లండి. చెప్పిన రోజున తప్పకుండా రండి. కొంత రిస్క్ అప్పటికీ ఉంటుంది, లేదని చెప్పను. కానీ తమ్ముడి పెళ్లి మళ్లీ రాదు, మీ స్థానంలో నేనున్నా వెళ్తాను.

"మళ్లీ రావద్దు" అన్న మాటకు కూడా హద్దు ఉంది. ఆరు నెలలకు పైగా వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గాని దానికి బదులు జీతం గాని ఇవ్వకుండా తీసేయకూడదని షాపుల చట్టమే చెబుతుంది. గేటు దగ్గర ఆపేస్తే అక్కడే అరుచుకోకండి. "ఈ రోజు డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని అదే నిమిషంలో మెసేజ్ పంపండి. యజమానే తీసేసినట్టయితే, ఇందాక చెప్పిన మొదటి సందర్భం వర్తిస్తుంది, సెలవుల డబ్బు ఆయన ఇవ్వాలి. అప్పుడు కూడా ఎవరైనా రాజీనామా కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే చేయకండి. చేస్తే మీరే మానేసినట్టవుతుంది.

కోసిన 11 రోజుల జీతం మాట. వేతనాల కోడ్, 2019 ప్రకారం చట్టం ఒప్పుకోని కోతలపై మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. ఇంతకుముందు వేతనాల చెల్లింపు చట్టంలో ఏడాదే ఉండేది. చెల్లించాల్సింది చెల్లించామని నిరూపించే బాధ్యత కూడా యజమానిదే. మీ రెండు కోతలూ కొన్ని నెలల కిందటివే కాబట్టి గడువు గురించి టెన్షన్ పడక్కర్లేదు. సెప్టెంబరు కోత మాత్రం కోడ్ అమలుకు ముందుది, దాని మీద పాత చట్టం ఏడాది గడువే వర్తిస్తుందని వాదించేవాళ్లు ఉంటారు. ఆ వాదనకు చోటివ్వకుండా వచ్చే సెప్టెంబరు లోపే వేసేయండి. ఉద్యోగంలో ఉండగానే అడగాలా, మానేశాక అడగాలా అన్నది మీ పరిస్థితిని బట్టి మీరే తేల్చుకోవాలి. నా మట్టుకు నేనైతే పెళ్లి సెలవు సంగతి ముందు తేల్చుకుని, తర్వాత దీన్ని ఎత్తమంటాను. రెండూ ఒకే రోజు అడిగితే మాట సెలవు మీద నుంచి డబ్బు మీదికి మళ్లిపోతుంది.

మీకు అపాయింట్‌మెంట్ లెటర్ లేదన్నారు. కొత్త కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ అది ఇవ్వాలి. ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లకు ఇవ్వకపోయి ఉంటే కోడ్ అమల్లోకి వచ్చిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. అది మీ దగ్గర లేకపోయినా కంగారు వద్దు. బ్యాంకులో జీతం పడిన స్టేట్‌మెంట్లు, ఈఎస్‌ఐ నంబరు మీద మీ యజమాని కట్టిన చందాల వివరాలు, ఫోన్‌పేలో వచ్చిన జీతం, హాజరు గురించి మేనేజర్ పెట్టిన మెసేజ్‌లు, ఇవన్నీ మీరు అక్కడ పనిచేశారనడానికి సాక్ష్యాలే. వాటిని ఇప్పుడే మీ సొంత ఫోన్‌లో, మెయిల్‌లో భద్రపరచుకోండి.

ఒక జాగ్రత్త, మీకు ప్రత్యేకంగా. మీరు అకౌంట్స్‌లో ఉన్నారు. షాపు లెడ్జర్లు, పార్టీల వివరాలు, జీఎస్టీ లెక్కలు అన్నీ మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. "వీటిని కాపీ చేసుకుంటే సేటు దారికొస్తాడు" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ హాజరు, మీ జీతం వివరాలు మీవి. మిగతావి షాపువి. వాటిని బయటికి తెస్తే, న్యాయం మీ వైపున్నా మీరే కేసులో ఇరుక్కుంటారు.

చివరికి మానేయాలనే నిర్ణయించుకుంటే, వరస ఇలా ఉండాలి. ముందు పెళ్లి సెలవు దరఖాస్తు. తర్వాత మిగిలిన 40 రోజుల సెలవు ఇమ్మని, లేదా దాని డబ్బు ఇమ్మని రెండో దరఖాస్తు. దానికి వాళ్లు ఏమన్నారో రికార్డు. ఆ తర్వాత నోటీసుతో రాజీనామా. ఆ రాజీనామాలో "నాకు రావలసిన సెలవుల జీతం, బకాయిలు చెల్లించగలరు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. రాజీనామా చేసినా తీసేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతుంది. "ఫుల్ అండ్ ఫైనల్ అందింది, ఇంకేమీ రావలసింది లేదు" అని రాసిన కాగితం మీద, డబ్బు నిజంగా చేతికి రాకముందు సంతకం పెట్టకండి.

ఇలాంటి ఉత్తరాలు మాదాపూర్, గచ్చిబౌలి నుంచి కూడా వస్తుంటాయి, "ఐటీ కంపెనీలకు షాపుల చట్టం వర్తించదట కదా" అని. వర్తిస్తుంది. పని వేళలు వంటి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం ఐటీ సంస్థలకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. సెలవుల 30వ సెక్షన్ ఆ మినహాయింపుల్లో లేదు. కంపెనీ పాలసీ చట్టం కంటే ఎక్కువ సెలవులు ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వడానికి లేదు. "డిసెంబరు 31కి ఈఎల్ అన్నీ లాప్స్" అనే రూలు ఎక్కడున్నా ఒకసారి అనుమానంగా చూడండి. కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవాళ్లయితే సెలవు ముందుగా అడగాల్సింది ఆ కాంట్రాక్టరునే.

లాయరు ఫీజు గురించి భయపడకండి. లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం, 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకు వెళ్లండి. ఫిర్యాదు రాయడంలో కూడా వాళ్లు సాయం చేస్తారు.

మీ షాపులో మిగతా 13 మందికీ ఇవే హక్కులున్నాయి. వాళ్లలో ఒకరిద్దరు కూడా తమ సెలవు లెక్క రాసి అడిగితే, మీరు ఒంటరిగా నిలబడ్డట్టు ఉండదు, సేటుకు కూడా ఇది ఒక మనిషితో పంతంలా కనిపించదు. ప్యాకింగ్‌లో, డెలివరీలో పనిచేసేవాళ్లకు రాయడం రాకపోతే మీరే రాసిపెట్టండి, కింద సంతకమో వేలిముద్రో వాళ్లు వేస్తారు.

మీ దరఖాస్తు మాత్రం ఈ వారంలోనే వెళ్లాలి. పెళ్లి తేదీ వేసి, 45 రోజుల నిల్వ సంగతి మరిచిపోకుండా రాయండి. ఏం జవాబు వచ్చిందో మళ్లీ రాస్తే, తర్వాత వేయాల్సిన అడుగు చెబుతాను.